సీన్ బాగానే జరిగింది, మరి రెండో రోజు ఈ ఏడుపెందుకు?

బీడీఎస్‌ఎం, అంటే ఇద్దరి ఇష్టంతో కట్టేయడం, నడిపించడం, లొంగడం, నొప్పి లాంటివి కలిసిన లైంగిక ఆట. దాని గురించి మాట్లాడేవాళ్ళు చాలావరకు తాళ్ళతో కట్లు ఎలా వేయాలి, సేఫ్‌వర్డ్ (ఆట ఆపమనడానికి ముందే అనుకున్న మాట) ఏం పెట్టుకోవాలి అనే దగ్గరే ఆగిపోతారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళని ఎక్కువ భయపెట్టేది మాత్రం ఆ తర్వాత వచ్చేది. ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపడి, ముందే అన్నీ మాట్లాడుకుని, ఎక్కడా హద్దు దాటకుండా సీన్, అంటే ఒక విడత ఆ ఆట, చేశారు. సంతోషంగానే విడిపోయారు. అదే రాత్రి కావచ్చు, రెండు రోజులు గడిచాక ఆఫీసులో కూర్చుని ఉన్నప్పుడు కావచ్చు, ఉన్నట్టుండి దిగులు కమ్ముకొస్తుంది. ఎందుకో తెలియకుండా కళ్ళలో నీళ్ళు, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం, చిన్నమాటకే చిరాకు, ఒళ్ళంతా నీరసం. దాని వెనకే ప్రశ్నలు: నాకు నిజంగా ఇష్టమేనా? నన్ను వాడుకున్నారా? నాలో ఏదైనా జబ్బుందా?

దీన్ని డ్రాప్ అంటారు. లొంగే పాత్రలో ఉన్నవాళ్ళకి వస్తే సబ్‌డ్రాప్, నడిపించే పాత్రలో ఉన్నవాళ్ళకి వస్తే టాప్‌డ్రాప్. సీన్ తర్వాత ఒకరినొకరు చూసుకోవడాన్ని ఆఫ్టర్‌కేర్ అంటారు. ఇంతవరకూ కొంచెం చదివినవాళ్ళకి ఎవరికైనా తెలుసు. నాకు ఆందోళన కలిగించేది ఏమిటంటే, మూడు వేరువేరు విషయాలని కలిపి ఈ ఒక్క పేరు కింద పడేస్తున్నారు. ఒకటి, ఒంట్లో వచ్చిన అలసట. రెండు, మనం పెరిగిన తీరు వల్ల వచ్చే సిగ్గు, తప్పు చేశామన్న భావం. మూడు, నిజంగానే జరిగిన తప్పు. మొదటిదానికి తిండి, నిద్ర చాలు. రెండోదానికి మాటలు కావాలి. మూడోదానికి న్యాయం కావాలి. మూడోదాన్ని పట్టుకుని "డ్రాపే, రెండు రోజుల్లో పోతుంది, కొంచెం చాక్లెట్ తిను" అంటే అది ఆ మనిషికి చేసే రెండో అన్యాయం.

ముందు ఒళ్ళు సంగతి చూద్దాం. గట్టి సీన్‌లో అది ఆటా, నిజమైన ప్రమాదమా అన్న తేడా శరీరానికి మొదట్లో తెలియదు. గుండె వేగంగా కొట్టుకుంటుంది, అడ్రినలిన్ పొంగుతుంది, ఒత్తిడి హార్మోను కార్టిసాల్ పెరుగుతుంది, నొప్పిని తగ్గించడానికి ఒంట్లోనే తయారయ్యే పదార్థాలు రక్తంలోకి వస్తాయి. దీన్ని కొలిచి చూసినవాళ్ళున్నారు. అమెరికాలో బ్రాడ్ సగారిన్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో సీన్ జరుగుతున్నప్పుడు లొంగే పాత్రలో ఉన్నవాళ్ళ కార్టిసాల్ పెరిగింది. సీన్ బాగా జరిగిందని చెప్పిన జంటల్లో తర్వాత ఒకరిపట్ల ఒకరికి దగ్గరితనం కూడా పెరిగింది. బెల్జియంలో 2020లో 35 జంటల మీద చేసిన అధ్యయనంలో లొంగేవాళ్ళలో కార్టిసాల్‌తో పాటు ఎండోకన్నాబినాయిడ్లు, అంటే హాయినిచ్చే పదార్థాలు కూడా పెరిగినట్టు తేలింది. ఒత్తిడీ హాయీ ఒకేసారి ఎక్కుతున్నాయన్నమాట. ఆ మత్తులో తేలిపోతున్నట్టుండే స్థితినే సబ్‌స్పేస్ అంటారు.

ఇవన్నీ చిన్న అధ్యయనాలు, వీటి మీద పెద్ద సిద్ధాంతాలు కట్టకూడదు. అయినా 2017లో వచ్చిన ఇంకో చిన్న అధ్యయనం ఆఫ్టర్‌కేర్‌కి నేరుగా పనికొస్తుంది. రెండు పాత్రలూ అలవాటున్న 14 మందిని తీసుకుని, ఎవరు ఏ పాత్రో చీటీ తీసినట్టు నిర్ణయించి, సీన్‌కి ముందూ తర్వాతా స్ట్రూప్ పరీక్ష పెట్టారు. "ఎరుపు" అనే మాటని నీలం రంగులో రాసి, రంగేమిటో చెప్పమనే పరీక్ష అది. లొంగే పాత్రలో ఉన్నవాళ్ళు తర్వాత ఆ పరీక్షలో వెనకబడ్డారు. ఆలోచించి తేల్చుకునే మెదడు ముందుభాగం కాసేపు నెమ్మదిస్తుందన్న వాదనకి ఇది సరిపోతుంది. అంటే సీన్ అయిన వెంటనే మనిషి మెలకువగానే కనిపిస్తున్నా, నవ్వుతూ మాట్లాడుతున్నా, పూర్తిగా తన నిర్ణయశక్తిలో లేకపోవచ్చు. అందుకే ఆ సమయంలో "ఇంకొంచెం గట్టిగా చేద్దామా", "ఫోటో తీసుకోనా" అని అడగకూడదు. అప్పుడొచ్చిన "సరే"ని ఒప్పుకోలుగా లెక్కపెట్టకూడదు. అందుకే వెంటనే బండి తీసి అర్ధరాత్రి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కకూడదు కూడా.

అడ్రినలిన్ రక్తంలో నిమిషాల్లోనే తగ్గిపోతుంది. అందుకే కట్లు విప్పిన కాసేపటికి వణుకు, చలి, కాళ్ళలో బలం లేకపోవడం. కార్టిసాల్ ప్రతి గంటా గంటన్నరకీ సగమవుతూ పోతుంది కాబట్టి తెల్లారేసరికి దాని పని కూడా దాదాపు అయిపోతుంది. మరి శనివారం సీన్‌కి సోమవారం ఏడుపు ఎందుకు? "హార్మోన్లు పడిపోయాయి" అని అందరూ చెప్పే జవాబు ఇక్కడ సరిపోవడం లేదు. అందులో కొంత నిద్రలేమి, సరిగా తినకపోవడం, కండరాల నొప్పి. ఇంకొంత మనసు పనిచేసే తీరే. 1974లో రిచర్డ్ సాలమన్, జాన్ కార్బిట్ అనే మనస్తత్వవేత్తలు ఒక సిద్ధాంతం చెప్పారు: మనసు ఒకవైపు బలంగా ఊగితే దాన్ని సర్దడానికి వ్యతిరేక దిశలో ఇంకో శక్తి మొదలవుతుంది, అది నెమ్మదిగా లేస్తుంది, అసలు అనుభవం అయిపోయాక కూడా కొంతసేపు మిగిలిపోతుంది. పారాచూట్‌తో దూకేవాళ్ళకి ముందు భయం, దిగాక ఎక్కడలేని సంబరం రావడం వాళ్ళిచ్చిన ఉదాహరణ. సంబరం ఎక్కువైన చోట తర్వాత వెలితి కూడా అలాగే రావచ్చు.

ఇది కింక్‌కి, అంటే ఇలాంటి అసాధారణమైన లైంగిక ఇష్టాలకి మాత్రమే పరిమితమైనది కూడా కాదు. మామూలు శృంగారం తర్వాత, అది బాగా జరిగినా సరే, కారణం లేకుండా ఏడుపో దిగులో రావడం మీద ఆస్ట్రేలియాలో 230 మంది విద్యార్థినులను అడిగి 2015లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళలో 46 శాతం మంది జీవితంలో ఒక్కసారైనా అలా జరిగిందన్నారు. కాబట్టి ఏడుపొచ్చింది అంటే తప్పు జరిగిందనీ కాదు, మీకు ఇష్టం లేదనీ కాదు.

రెండో విషయం సిగ్గు. మన దగ్గర ఎక్కువమందిని లోపల్నించి తినేసేది ఇదేనని నేననుకుంటాను. ఒంటి అలసట ఆదివారానికి పోతుంది. సోమవారం అమ్మ ఫోన్ చేసి "తిన్నావా?" అని అడిగితే గొంతు పూడుకుపోయేది దీనివల్లే. ఆడవాళ్ళ హక్కుల గురించి గట్టిగా మాట్లాడే అమ్మాయి తను లొంగడాన్ని ఇష్టపడుతున్నందుకు తన మాటలకి తానే ద్రోహం చేసినట్టు అనుకుంటుంది. భార్య ముందు మోకాళ్ళ మీద కూర్చున్న భర్త మర్నాడు షేవింగ్ చేసుకుంటూ అద్దంలో తనని తాను చూసుకోలేడు. పెళ్ళి కాకుండా ఇదంతా ఏమిటని కొందరు, పెళ్ళయ్యాక భార్యాభర్తల మధ్య ఇలాంటివి ఉంటాయా అని కొందరు. చెప్పుకోవడానికి మనిషి దొరకకపోవడం దీన్ని ఇంకా పెంచుతుంది. ప్రేమలో దెబ్బ తగిలితే ఫ్రెండ్స్ ఉంటారు, ఉద్యోగం పోతే ఇంట్లోవాళ్ళు ఉంటారు, దీనికి ఎవరు?

ఇక్కడ కొన్ని నిజాలు తెలిసుంటే మేలు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన మానసిక జబ్బుల పుస్తకం డీఎస్ఎం-5 అసాధారణమైన లైంగిక ఇష్టం ఉండటం వేరు, అది జబ్బు కావడం వేరు అని విడదీసింది. ఆ ఇష్టం ఆ మనిషికి తీవ్రమైన బాధో, రోజువారీ జీవితంలో ఇబ్బందో కలిగించినప్పుడో, ఒప్పుకోని మనిషి మీద ప్రయోగించినప్పుడో మాత్రమే దాన్ని జబ్బుగా చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో, ఒప్పుకున్న పెద్దవాళ్ళ మధ్య జరిగే సేడోమాసోకిజాన్ని (నొప్పి ఇవ్వడంలో, పొందడంలో లైంగిక ఆనందం పొందడాన్ని) జబ్బుల పట్టిక నుంచి తీసేసింది. నెదర్లాండ్స్‌లో 902 మంది బీడీఎస్‌ఎం చేసేవాళ్ళని చేయనివాళ్ళతో పోల్చి 2013లో వెలువరించిన అధ్యయనంలో, చేసేవాళ్ళ మానసిక స్థితి మిగతావాళ్ళకంటే అధ్వానంగా ఏమీ లేదు, కొన్ని కొలతల్లో మెరుగ్గానే ఉంది. డ్రాప్‌లో ఉన్న మనిషికి ఆ క్షణంలో ఈ అంకెలు ఎక్కవు. మామూలుగా ఉన్నప్పుడే చదివి మనసులో పెట్టుకుంటే ఆ రోజు కొంచెం ఊతం దొరుకుతుంది.

ఇక ఆఫ్టర్‌కేర్. ఇది సీన్‌కి చివర తగిలించే మర్యాద అనుకునేవాళ్ళతో నాకు గొడవ. ఏం చేయాలో, ఏం చేయకూడదో మాట్లాడుకునేటప్పుడే, అయిపోయాక ఎవరికేం కావాలో కూడా మాట్లాడుకోవాలి. ఎందుకంటే అందరికీ ఒకటే అక్కర్లేదు. ఒకరికి గట్టిగా పట్టుకోవాలి, ఇంకొకరికి అప్పుడు ముట్టుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది, పక్కన కూర్చుంటే చాలు. కొందరికి కబుర్లు, కొందరికి నిశ్శబ్దం. కొందరికి వెంటనే స్నానం, కొందరికి నిద్ర. ఆ స్థితిలో "నీకేం కావాలి?" అని అడిగితే చాలామంది చెప్పలేరు, అందుకే ముందే తెలిసుండాలి.

మొదటి అరగంట ఒంటి కోసం. కట్లు నెమ్మదిగా విప్పాలి, వెంటనే లేపి నిలబెట్టకూడదు, కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. దుప్పటి, మంచినీళ్ళు, కొంచెం తీపి, కొంచెం ఉప్పు: గ్లూకోజ్ నీళ్ళో, ఉప్పేసిన మజ్జిగో, ఓ అరటిపండో ముందే పక్కన పెట్టుకోవాలి. మందు వద్దు. రిలాక్స్ అవుతామని తాగుతారు గానీ అది నిద్రని పాడుచేసి మర్నాటి దిగులుని పెంచుతుంది. కమిలిన చోట మొదటి రోజు గుడ్డలో చుట్టిన ఐస్, ఆ తర్వాత వెచ్చని కాపడం. నొప్పికి ఆస్పిరిన్ వేసుకోకండి, రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తుంది కాబట్టి కమిలింది ఇంకా పాకుతుంది.

ఆ తర్వాత మాటలు. సీన్‌లో తిట్లు, అవమానించే మాటలు ఉంటే వాటిని నోటితో వెనక్కి తీసుకోవడం చాలా అవసరం. ఇద్దరికీ అది ఆటేనని తెలుసు, నిజమే, అయినా చెవిన పడిన మాట చెవిలోనే ఉంటుంది. మామూలుగా పిలుచుకునే పేరుతో పిలవండి. రోజూ "మీరు" అనుకునేవాళ్ళయితే మళ్ళీ "మీరు"లోకి రండి. "అది ఆట కోసం అన్నాను, నేను నిన్ను అలా అనుకోను" అని ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. ఎక్కడ బాగుంది, ఎక్కడ బాలేదు అనే విశ్లేషణ మాత్రం ఆ రాత్రికి వద్దు.

మన పరిస్థితుల్లో అసలు చిక్కు చోటు. పీజీలో ఉండేవాళ్ళు, ఉమ్మడి కుటుంబంలో అత్తమామల పక్కగదిలో ఉండే జంటలు, గంటల లెక్కన గది తీసుకునేవాళ్ళు. సీన్ అయిన పది నిమిషాలకే రిసెప్షన్ నుంచి ఫోన్ వస్తుంటే, లేదా ముఖం కడుక్కుని వంటింట్లోకి వెళ్ళి ఏమీ జరగనట్టు చపాతీలు చేయాల్సి వస్తే, ఆఫ్టర్‌కేర్ ఎక్కడ? ఇక్కడ నా అభిప్రాయం కచ్చితంగా చెప్తాను: గది మూడు గంటలకే దొరికితే సీన్‌ని గంటన్నరకి కుదించండి. ఆఫ్టర్‌కేర్‌కి చోటు లేని రోజు తేలికపాటివాటితో సరిపెట్టండి, గట్టి సీన్ వాయిదా వేయండి. వెళ్ళాల్సి వస్తే క్యాబ్‌లో పంపండి, చేరాక ఫోన్ చేయమనండి.

ఆఫ్టర్‌కేర్‌లో మూడో భాగం ఆ తర్వాతి రెండు మూడు రోజులు, అందరూ మర్చిపోయేది ఇదే. రోజుకో మెసేజ్ చాలు, కానీ అది రావాలి. పార్ట్‌నర్ ఊరు దాటి ఉన్నా, హైదరాబాద్‌లో ఒకరు డాలస్‌లో ఒకరు ఉన్నా, ఫలానా సమయానికి పదిహేను నిమిషాల కాల్ అని ముందే పెట్టుకోవచ్చు. వీడియోలోనే సీన్ చేసుకునేవాళ్ళకీ ఇది వర్తిస్తుంది, కాల్ కట్ చేసిన మరుక్షణం గదిలో ఒక్కరే మిగిలిపోవడం చిన్న విషయం కాదు. కొత్త మనిషితో సీన్ అయితే, ఆ మనిషి ఫోన్ ఎత్తకపోతే ఎవరితో మాట్లాడతారో ఇంకో పేరు మనసులో పెట్టుకోండి. వివరాలన్నీ చెప్పనక్కర్లేదు, "రెండు రోజులు మూడ్ బాగోదు, కాస్త పలకరిస్తుండు" అని చెప్పుకోగలిగే స్నేహం చాలు.

టాప్‌డ్రాప్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే నడిపించేవాళ్ళకి ఏమీ కాదని అందరూ అనుకుంటారు, వాళ్ళతో సహా. సీన్ అంతా ఎదుటి మనిషి ఊపిరినీ, చేతుల రంగునీ, ముఖాన్నీ గమనిస్తూ ఉండటమే పెద్ద అలసట. అసలు దెబ్బ తర్వాత తగులుతుంది. "ఆడపిల్ల మీద చేయి చేసుకోకూడదు" అని పెరిగిన మగవాడు, అదే మంచి పెంపకం, మర్నాడు ఆమె చేతి మీద వాత చూసి తను ఎలాంటివాడో అనే అనుమానంలో పడతాడు. చిన్నప్పుడు ఇంట్లో నాన్న అమ్మని కొట్టడం చూసినవాళ్ళకి ఇది ఇంకా లోతుగా వెళ్తుంది, ఆమె ఎంత ఇష్టంగా అడిగినా సరే, ఆ పాత చప్పుడు తిరిగొస్తుంది. నడిపించే ఆడవాళ్ళకి, తాను క్రూరురాలినేమో, ఇక తనని ఎవరూ ముద్దుగా చూడరేమో అన్న బెంగ. వీళ్ళకి కావలసిన ఆఫ్టర్‌కేర్ ఒక్కటే మాట: "నాకు ఇష్టమైంది, నువ్వు నన్ను బాధపెట్టలేదు." లొంగిన మనిషి ఆ మాటని ఆ రాత్రీ, మర్నాడూ చెప్పాలి. చెప్పకపోతే కొందరు నెమ్మదిగా తప్పించుకు తిరగడం మొదలుపెడతారు. ఎదుటివాళ్ళు దాన్ని వదిలేసి వెళ్ళడంగా అర్థం చేసుకుంటారు. రెండు డ్రాప్‌లు ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

ఇప్పుడు కష్టమైన ముడి. డ్రాప్‌లా కనిపించేదంతా డ్రాప్ కాదు.

కొన్నిసార్లు అది గాయం. తాళ్ళ తర్వాత చేతిలో తిమ్మిరి గంటలు గడిచినా తగ్గకపోతే, మణికట్టు పైకి లేవకుండా వాలిపోతే నరం నలిగిందని అర్థం, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. గట్టి దెబ్బల తర్వాత మూత్రం ఎర్రగానో కోలా రంగులోనో వస్తే అదే రోజు ఆసుపత్రికి. గొంతు నొక్కడం జరిగి ఉంటే ఇంకా జాగ్రత్త. దాన్ని పూర్తిగా సురక్షితంగా చేసే పద్ధతి లేదు, లక్షణాలు గంటల తర్వాతో రోజుల తర్వాతో కూడా రావచ్చు. గొంతు బొంగురు, మింగలేకపోవడం, మెడనొప్పి, ఎప్పుడూ లేని తలనొప్పి, చూపు మసక, ఒకవైపు బలహీనత ఏది కనిపించినా ఎమర్జెన్సీకే. సిగ్గుపడి డాక్టర్‌కి అబద్ధం చెప్పకండి, గొంతు మీద ఒత్తిడి పడిందని తెలిస్తేనే వాళ్ళు సరైన స్కాన్ చేయిస్తారు.

కొన్నిసార్లు అది ఒప్పుకోలు దాటి జరిగినదానికి మనసు ఇచ్చే సరైన స్పందన. తేడా ఎలా తెలుస్తుంది? గీత గీసినట్టు తెలియదు, నిజం చెప్పాలి. కానీ కొన్ని గుర్తులున్నాయి. డ్రాప్ దిగులుకి ఎక్కువగా ఒక ముఖం ఉండదు, అన్నిటి మీదా పరుచుకుంటుంది, తిని నిద్రపోతే, ఆ మనిషితో మాట్లాడితే తేలికవుతుంది. తప్పు జరిగినప్పుడు మనసు ఒక్క క్షణం చుట్టూనే తిరుగుతుంది: సేఫ్‌వర్డ్ చెప్పినా ఆగని ఆ క్షణం, వద్దని ముందే చెప్పినది చేసిన ఆ క్షణం, నోరు పెగలక బిగుసుకుపోయినా పట్టించుకోని ఆ క్షణం. ఆ మనిషి మెసేజ్ చూస్తే తేలికయ్యే బదులు కడుపులో దేవుతుంది. ఇలా ఉంటే మీకు మీరే "డ్రాప్‌లే" అని సర్దిచెప్పుకోకండి. ముఖ్యంగా ఆ మాట అవతలి మనిషి నోటి నుంచి, మీరు అడిగిన ప్రశ్నకి జవాబుగా వస్తుంటే.

చట్టం ప్రకారం కూడా ఒక పనికి ఒప్పుకున్నంత మాత్రాన అన్నిటికీ ఒప్పుకున్నట్టు కాదు. అత్యాచారాన్ని నిర్వచించే భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ వివరణలో, ఒప్పుకోలు అంటే ఆ ఫలానా లైంగిక చర్యకి స్వచ్ఛందంగా, స్పష్టంగా తెలిపిన అంగీకారమనీ, ఒంటితో ఎదిరించకపోవడం ఒక్కటే అంగీకారం కాదనీ ఉంది. భార్య విషయంలో అత్యాచార చట్టానికి మినహాయింపు ఇంకా ఉంది, అయితే 2005 గృహహింస చట్టం లైంగిక హింసని కూడా హింసగానే చూస్తుంది. ఆడవాళ్ళు 181కి ఫోన్ చేయవచ్చు, హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసే, జిల్లాల్లోని సఖి కేంద్రాలకి వెళ్ళవచ్చు. మగవాళ్ళకి ఆ 63వ సెక్షన్ రక్షణ లేదు, మగవాళ్ళ మీద జరిగే బలవంతపు లైంగిక చర్యలకి కూడా వర్తించిన పాత శిక్షాస్మృతి 377వ సెక్షన్ కొత్త సంహితలోకి రాలేదు కాబట్టి వాళ్ళ దారి ఇంకా ఇరుకైంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే లోటు.

దిగులు రెండు వారాలు దాటినా, నిద్ర, తిండి, పని దెబ్బతింటున్నా సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలూ ఆగకండి, వెంటనే 14416కి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ మీ వివరాలు గోప్యంగా ఉంచే హక్కు మీకిచ్చింది. మొదటి అపాయింట్‌మెంట్‌లోనే "ఇలాంటి సంబంధాల గురించి మాట్లాడటం మీకు అభ్యంతరమా?" అని అడిగేయండి. ముఖం చిట్లించినా, "ముందు ఇది మానేయండి" అని మొదలుపెట్టినా ఇంకొకరిని వెతుక్కోవడంలో తప్పులేదు.

అన్నీ సర్దుకున్నాక, మూడు నాలుగు రోజులకి, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. సీన్ చేసిన గదిలో వద్దు, టీ తాగుతూనో నడుస్తూనో అయితే మేలు. ఎక్కడ బాగుంది, ఎక్కడ భయమేసింది, సేఫ్‌వర్డ్ చెప్పాలనిపించి చెప్పలేకపోయిన చోటు ఏదైనా ఉందా, తర్వాతి రోజుల్లో ఏం కావాలనిపించింది, అది అందిందా. ఎదుటివాళ్ళు చెప్తున్నప్పుడు సమర్థించుకోకుండా వినాలి. "అక్కడ నాకు నచ్చలేదు" అని వస్తే "మరి అప్పుడే చెప్పొచ్చుగా" అనకూడదు, అప్పుడు చెప్పగలిగే స్థితిలో ఉండి ఉంటే చెప్పేవాళ్ళే. ఈ మాటల్లో "ఇంకోసారి వద్దు" అనే జవాబు కూడా రావచ్చు. అలా వస్తే అక్కడికక్కడ కారణాలు అడక్కుండా ఒప్పుకోండి, మిగిలినదంతా వాళ్ళకి చెప్పాలనిపించినప్పుడు వినవచ్చు.